కీమో పేషెంట్‌కు చలిజ్వరం వస్తే లైన్ పీకేయడమే మందా?

తుంగభద్ర_సిస్టర్
కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు కీమో పేషెంట్లకు లైన్ (మందు ఎక్కించడానికి పెద్ద నరంలో వేసే గొట్టం) బెంగళూరులోనో హైదరాబాదులోనో వేసి పంపుతారు. రోజూ చూసుకునేది మాత్రం మన ఊళ్లలో. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో 101 జ్వరం వచ్చిందంటే చాలు, డ్యూటీలో ఎవరుంటే వాళ్లు "పిక్ లైన్ తీసేయండి, టిప్ కల్చర్‌కు పంపండి" అని రాసేస్తున్నారు. పిక్ అంటే చేతి నుంచి లోపలికి వేసే లైన్, టిప్ దాని లోపలి చివర, కల్చర్ అంటే క్రిమి పెరుగుతుందా అని చూసే పరీక్ష. బ్లడ్ కల్చర్ ఒకే ఒక్క బాటిల్. అదీ చేతి నుంచే, అదీ రెండు డోసులు యాంటీబయాటిక్ పడ్డాక. రిపోర్టులో "నో గ్రోత్". లైన్ పోయింది, వచ్చే సైకిల్‌కు నరం దొరకదు. ఇంకో పక్క, తీయాల్సిన లైన్‌ను తీయకుండా వారాలు లాగేవాళ్లూ ఉన్నారు. ఎప్పుడు తీయాలి, ఎప్పుడు ఆగొచ్చు, ఆ నిర్ణయానికి ముందు చేతిలో ఏముండాలి? కొలతలతో చెప్పండి. "జాగ్రత్తగా ఉండాలి" లాంటి జవాబులు వద్దు, అవి వార్డు గోడ మీద చాలా ఉన్నాయి.

బురుజు_కింద
టిప్‌ను దేంట్లో వేసి పంపారో ముందు అది అడగండి మేడమ్. ఫార్మలిన్‌లో వేస్తే అది బయాప్సీ అవుతుంది, కల్చర్ కాదు.

అనంత_మైక్రో
బురుజు గారు నవ్వించినా అది రోజూ జరిగేదే. టిప్ చివరి 5 సెంటీమీటర్లు స్టెరైల్ కత్తెరతో కత్తిరించి, పొడి స్టెరైల్ డబ్బాలో వేసి, వెంటనే ల్యాబ్‌కు. ఫార్మలిన్ వద్దు. ప్లేట్ మీద దొర్లించి చూస్తే 15 కాలనీలు దాటితే లెక్కలోకి వస్తుంది. అయినా టిప్ ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. రక్తంలో కూడా అదే క్రిమి కనిపించాలి. అనుమానం లేకుండా తీసిన ప్రతి లైన్ టిప్‌నూ పంపడం డబ్బు దండగ.

అసలు సంగతికి వస్తా. లైన్ ఉన్న మనిషి రక్తంలో క్రిమి ఉంటే అది లైన్ నుంచే వచ్చిందని కాదు. లైన్ నుంచే అని చెప్పాలంటే లైన్ నుంచి ఒక సెట్, చేతి నరం నుంచి ఒక సెట్, ఒకదాని వెంటే ఒకటి తీయాలి. రెండూ ఒకేసారి మెషిన్‌లో (క్రిమి పెరిగితే మోగేది) పెడితే, లైన్ బాటిల్ చేతి బాటిల్ కంటే కనీసం 120 నిమిషాలు ముందు పాజిటివ్ అయి, రెండింట్లో ఒకే క్రిమి వస్తే, దోషి లైనే. గొట్టం లోపలి గోడకు బయోఫిల్మ్ (క్రిముల జిగురు పొర) పట్టి ఉంటే లైన్ రక్తంలో క్రిములు ఎక్కువ, అందుకే ఆ బాటిల్ ముందు మోగుతుంది.

ఇది పనిచేయాలంటే:

పెద్దవాళ్లకు బాటిల్‌కు 8 నుంచి 10 మి.లీ. రెండు వైపులా ఒకే కొలత. లైన్ బాటిల్‌లో 10 పోసి చేతి బాటిల్‌లో 3 పోస్తే టైము తేడా రక్తం వల్ల వచ్చిందో క్రిముల వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

లైన్‌కు ఉన్న పాత నీడిల్‌లెస్ కనెక్టర్ (సూది లేకుండా సిరంజి తగిలించే మూత) తీసి పారేసి, హబ్ (గొట్టం బయటి చివర) తుడిచి, కొత్త కనెక్టర్ పెట్టాకే రక్తం లాగండి. పాత కనెక్టర్‌లో పేరుకున్నది కూడా బాటిల్‌లోకి వస్తే మేం రిపోర్ట్ చేసేది కనెక్టర్‌ను, పేషెంట్‌ను కాదు.

బాటిల్ ప్లాస్టిక్ మూత తీశాక కింద రబ్బరు శుభ్రంగా ఉంటుందనుకుంటారు, ఉండదు. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

లూమెన్లు (గొట్టం లోపలి దారులు) రెండుంటే రెండింటి నుంచీ తీయండి. ఒక లూమెన్ శుభ్రంగా ఉండి రెండోదాంట్లో క్రిమి ఉండడం మామూలే.

స్టిక్కర్ మీద "పిక్, ఎర్ర లూమెన్" అనో "కుడి చెయ్యి" అనో, టైముతో రాయండి. బార్‌కోడ్ మీదా, బాటిల్ అడుగున సెన్సార్ మీదా అంటించకండి. "శాంపిల్ 1, శాంపిల్ 2" అని వస్తే ఏది ఎక్కడిదో మేం జోస్యం చెప్పాలి.

క్యాజువాల్టీ_కాకా
ఇదంతా పుస్తకంలో బాగుంటాది సార్. ఏఎన్‌సీ (న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల లెక్క) 500 లోపు, బీపీ 80, ఒళ్లంతా వణుకు. గంటలోపు యాంటీబయాటిక్ పడాల. నరాలన్నీ కీమోతో గట్టిపడిపోయిన చేతిలో రక్తం కోసం అరగంట వెతుకుతా కూచుంటే మనిషి పోతాడు. నా ఓటు మందుకే.

అనంత_మైక్రో
కాకా, ఎవరూ అరగంట వెతకమనలేదు. లైన్ నుంచి తీయడానికి ఐదు నిమిషాలు. చేతిలో ఒకట్రెండు గుచ్చుళ్లకు దొరక్కపోతే వదిలేసి, వేర్వేరు లూమెన్ల నుంచి రెండు సెట్లు తీసి మందు మొదలుపెట్టండి. నేనొద్దనేది మందు ముందు, కల్చర్ రేపు పొద్దున అనే పద్ధతిని.

క్యాజువాల్టీ_కాకా
అదైతే ఒప్పుకుంటా.

హెమటో_హంద్రీ
కాకా చెప్పిన గంట లెక్క నిజం, అందులో బేరం లేదు. జ్వరం అంటే ఏంటో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే "కొంచెం వెచ్చగా ఉంది" దగ్గరే సగం టైము పోతుంది. నోటి దగ్గర ఒక్కసారి 38.3 డిగ్రీలు, అంటే 101 ఫారన్‌హీట్. లేదా 38.0, అంటే 100.4, గంటపాటు నిలిస్తే. ఏఎన్‌సీ 500 కంటే తక్కువ, లేదా రెండు రోజుల్లో అంతకు దిగుతుందని అనుకుంటే, అది ఎమర్జెన్సీ. మలద్వారంలో థర్మామీటర్ పెట్టకూడదు. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకు జ్వరమే రాకపోవచ్చు. వణుకు, బీపీ పడిపోవడం, మాట తడబడడం ఉంటే థర్మామీటర్ 98 చూపినా నమ్మొద్దు.

మొదటి మందు: పిపరాసిలిన్-టాజోబాక్టమ్ 4.5 గ్రాములు ఆరు గంటలకోసారి, లేదా సెఫిపైమ్ 2 గ్రాములు ఎనిమిది గంటలకోసారి. కిడ్నీ బాగుంటే ఈ డోసులు. ఇంతకుముందు మొండి క్రిములు వచ్చిన మనిషైతే మెరోపెనెమ్ 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి. మీ ఆసుపత్రిలో ఏ క్రిమికి ఏది పనిచేస్తుందో ఆ పట్టిక చూసుకోవాలి. వాంకోమైసిన్ అందరికీ పెట్టేది కాదు. లైన్ మీద అనుమానం ఉంటే, చర్మం ఎర్రబడితే, న్యుమోనియా ఉంటే, బీపీ పడితే చేర్చండి. రెండు మూడు రోజుల్లో గ్రామ్ పాజిటివ్ (స్టెఫ్‌ల లాంటి క్రిములు) ఏదీ రాకపోతే ఆపేయండి. మొదలుపెట్టినవాళ్లే ఆపడం మర్చిపోతారు.

లైన్ మీద అనుమానం ఎప్పుడు? ఫ్లష్ చేసిన (గొట్టంలోకి సెలైన్ తోసిన) గంటలోపు వణుకు పుడితే. ఇంతకంటే గట్టి గుర్తు మంచం దగ్గర దొరకదు. లైన్ చుట్టూ చీము కోసం చూసి "శుభ్రంగా ఉంది" అని రాయడం వీళ్లలో పెద్ద మోసం. చీము కట్టాలంటే న్యూట్రోఫిల్స్ కావాలి, ఉన్నవే పదో ఇరవయ్యో. నొక్కితే నొప్పి, సన్నటి ఎరుపు, అంతే కనిపిస్తుంది. కౌంట్లు పెరిగాక అదే చోట చీము బయటపడుతుంది.

గుంతకల్_జంక్షన్
మెషిన్ ఉన్నవాళ్లకు సరే. మా దగ్గర బాటిళ్లు సాయంత్రం దాకా పోగేసి కొరియర్‌లో హైదరాబాదుకో బెంగళూరుకో పోతాయి. 120 నిమిషాల లెక్క మాకెట్లా?

అనంత_మైక్రో
మీకు ఆ లెక్క దాదాపు లేనట్టే. ఏప్రిల్, మే నెలల్లో బస్సు డిక్కీలో బాటిల్ ఉందంటే దారిలోనే క్రిమి పెరగడం మొదలవుతుంది. మెషిన్‌లో పెట్టగానే రెండూ కలిసి మోగుతాయి, తేడా మాయం. అలాగని ఫ్రిజ్‌లో, ఐస్ ప్యాక్‌లో పెట్టారా, కొన్ని క్రిములు చచ్చే ఊరుకుంటాయి. నీడలో, గది ఉష్ణోగ్రతలో ఉంచి, తీసిన రెండు నుంచి నాలుగు గంటల్లో మెషిన్‌లో పడేలా చూడండి. అనంతపురం, కర్నూలు, కడపల్లో బ్యాక్టెక్, బ్యాక్ట్ అలర్ట్ లాంటి కల్చర్ మెషిన్ ఉన్న ల్యాబ్ ఎవరి దగ్గరుందో ముందే కనుక్కుని పెట్టుకోండి, జ్వరం వచ్చిన రాత్రి కాదు.

అదీ కుదరకపోతే రెండు వైపులా తీయడం మాత్రం మానకండి. టైము తేడా తెలియకపోయినా, రెండు చోట్లా ఒకే క్రిమి వచ్చిందా అన్నది తెలుస్తుంది. స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ జాతివి చర్మం మీదవి. ఒక్క బాటిల్‌లో వస్తే అది రోగమా, తీసిన చేతిదా అని తలపట్టుకోవాలి.

ఉగ్గాణి_బజ్జి
అంటే శాంపిల్ బస్సెక్కితే పేషెంట్ కంటే ముందు బాటిల్‌కు జ్వరం వస్తాది.

కడప_పిల్లల_వార్డు
పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. మూడేళ్ల బిడ్డ దగ్గర 10 మి.లీ ఎక్కడిది? పిల్లల బాటిల్ ఉంటుంది, 1 నుంచి 3 మి.లీ చాలు. కానీ పైన చెప్పిన నియమం వీళ్లకూ అదే, రెండు బాటిళ్లలో ఒకే కొలత. 2 ఇటు పోస్తే 2 అటు.

హిక్‌మాన్ (ఛాతీ చర్మం కింద నుంచి బయటికి వచ్చే లైన్) ఉన్న చిన్నపిల్లలకు ముఖ్యమైన ఇంకో సంగతి. గొట్టం చివర కిందికి వేలాడి డైపర్‌లోకి పోతుంది. పిల్లాడు క్లాంప్ కొరుకుతాడు. గొట్టాన్ని చుట్టి ఛాతీ మీద పైకి తిప్పి అంటించండి, ఒంటికి ఒదిగే బనియన్ వేయండి. గ్రామ్ నెగటివ్‌లు (క్లెబ్సియెల్లా లాంటి క్రిములు) మాటిమాటికీ వచ్చే పిల్లాడి హబ్ ఎక్కడ వేలాడుతోందో చూడండి, సగం జవాబు అక్కడే.

ఐసీయూ_ఓబులేసు
హంద్రీ సార్, ఎప్పుడు తీయాలో మీరింకా చెప్పలేదు. నా మాట అయితే సూటిగా: అనుమానం ఉంటే తీసేయ్. లైన్‌ను కాపాడుకోవడం అనేది పాశ్చాత్య దేశాల లెక్క, అక్కడ చర్మం మీది స్టెఫ్‌లు ఎక్కువ. మన దగ్గర క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్. సగం వాటికి మెరోపెనెమ్ కూడా అంటదు. అలాంటి క్రిమి ఉన్న గొట్టంలోంచే మందు పోస్తూ కూర్చుంటే ఎవర్ని కాపాడుతున్నట్టు?

హెమటో_హంద్రీ
ఓబులేసు గారి మాటలో సగం నాదీ. మెడలో వేసిన మామూలు సెంట్రల్ లైన్‌కు, తొడలో వేసిన దానికి మీరన్నదే కరెక్ట్, దాని మీద మమకారం అక్కర్లేదు. హిక్‌మాన్, పోర్టు (చర్మం కింద పెట్టే చిన్న డబ్బా ఉన్న లైన్) అలా కాదు. అవి తీయాలంటే ఆపరేషన్, ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, మళ్లీ వేయాలి.

చర్చ లేకుండా తీసేయాల్సినవి: స్టెఫ్ ఆరియస్, కాండిడా, సూడోమోనాస్, మైకోబాక్టీరియా. క్రిమి ఏదైనా సరే, షాక్ ఉంటే. చర్మం కింద సొరంగం వెంబడి ఎరుపూ నొప్పీ పాకితే, పోర్టు జేబులో చీము ఉంటే. గుండె కవాటానికి పాకితే, నరంలో గడ్డ కట్టి అది చెడితే. సరైన మందు పడుతున్నా 72 గంటల తర్వాత కూడా కల్చర్ పాజిటివ్ వస్తుంటే. ఈ చివరిది పట్టుకోవాలంటే మళ్లీ కల్చర్ చేయాలి కదా, అది చేయరు! జ్వరం తగ్గింది కాబట్టి చాలనుకుంటారు.

ఆగి చూడొచ్చు అన్నది ఎక్కడంటే, హిక్‌మాన్‌లోనో పోర్టులోనో చర్మం మీది స్టెఫ్ వచ్చి, బీపీ నిలకడగా ఉన్నప్పుడు. నరంలోకి మందు, గొట్టంలో లాక్ (మందు నింపి మూసి ఉంచడం), రెండూ 10 నుంచి 14 రోజులు.

లైన్ తీశాక ఎన్ని రోజులు మందు? చర్మం మీది స్టెఫ్‌కు 5 నుంచి 7. గ్రామ్ నెగటివ్‌కు 7 నుంచి 14. కాండిడాకు కల్చర్ నెగటివ్ అయిన రోజు నుంచి 14. స్టెఫ్ ఆరియస్‌కు కనీసం 14, కవాటమో ఎముకో చెడితే నాలుగు నుంచి ఆరు వారాలు. మందు మొదలుపెట్టిన రోజు కాదు, మొదటి నెగటివ్ కల్చర్ రోజు ఒకటో రోజు.

అనంత_మైక్రో
ఓబులేసు గారికి ఒక అడ్డు ప్రశ్న. లుకేమియా కీమో, నోరంతా పుండ్లు, నీళ్ల విరేచనాలు, కుడి పొత్తికడుపు నొప్పి. రక్తంలో క్లెబ్సియెల్లా. చేతి బాటిల్, లైన్ బాటిల్ ఇరవై నిమిషాల తేడాతో మోగాయి. లైన్ పీకేస్తారా?

ఐసీయూ_ఓబులేసు
పేగు నుంచి వచ్చిందంటారు.

అనంత_మైక్రో
అవును. కీమోకు పేగు లోపలి పొర ఊడిపోతే అక్కడి క్రిములు నేరుగా రక్తంలోకి వస్తాయి. నోటి నుంచైతే విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ వస్తుంది. అమెరికా సీడీసీ (జబ్బుల నియంత్రణ సంస్థ) వాళ్ల నిఘా లెక్కల్లో 2013 నుంచి వీటికి వేరే ఖాతా ఉంది, లైన్ సంరక్షణ లోపం కింద పడకుండా. అక్కడ లైన్ తీసినా క్రిమి ఆగదు, పేషెంట్‌కు ఉన్న ఒక్క దారీ పోతుంది. ఆ టైము తేడా కోసం నేనింత గొడవ పడేది ఇందుకే.

ఐసీయూ_ఓబులేసు
బీపీ పడిపోతే మాత్రం మీ ఇరవై నిమిషాలు నేను వినను.

అనంత_మైక్రో
అప్పుడు నేనూ వినమనను.

చేతులు_కడుక్కో
పన్నెండు పోస్టులు దాటినా రోజూ హబ్ శుభ్రం చేయడం గురించి ఎవరూ నోరెత్తలేదు! లైన్ వేసిన మొదటి వారంలో క్రిమి చర్మం వెంట బయటి గోడ మీదుగా పోతుంది. ఆ తర్వాత ఎక్కువగా హబ్ గుండా లోపలికి. నెలలు ఉండే పిక్, హిక్‌మాన్‌లకు హబ్బే ప్రధాన ద్వారం. హబ్ ముట్టుకునే ప్రతిసారీ ముందు చేతులు కడగడం, తర్వాత ఆల్కహాల్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా మెలితిప్పుతూ రుద్దడం, తర్వాత ఆరనివ్వడం. ఇక్కడ జరిగేది ఏంటంటే స్వాబ్‌తో ఒక్కసారి తాకించి సిరంజి గుచ్చుతారు. ఊరికే తాకిస్తే క్రిమి చావదు, సిరంజితో పాటు లోపలికి పోతుంది.

ఇక అసలు జబ్బు: వార్డులో 100 మి.లీ సెలైన్ బాటిల్ ఒకటి వేలాడుతుంది. దాని రబ్బరులో ఒక సూది పొద్దున్నుంచి గుచ్చే ఉంటుంది. పదిమంది పేషెంట్ల ఫ్లష్ దాంట్లోంచే. అది ఆపకుండా మీరు ఎన్ని లైన్లు తీసి ఎన్ని వేసినా ఒకటే. 10 మి.లీ ఆంప్యూల్ ఒక పేషెంట్‌కు, ఒకసారికి, మిగిలింది పారేయాలి. హెపారిన్ వయల్ కూడా అంతే.

అనంత_మైక్రో
దీనికి ల్యాబ్ వైపు నుంచి ఒక గుర్తు. ఒకే వారంలో ఇద్దరు ముగ్గురికి బర్కోల్డేరియా సెపేషియా వచ్చిందా, పేషెంట్లను వదిలి సెలైన్, హెపారిన్, యాంటీసెప్టిక్ బాటిళ్లు కల్చర్ చేయండి. స్టెనోట్రోఫోమోనాస్ కూడా అలాంటిదే. అవి నీళ్ల క్రిములు, మనిషి ఒంటి మీద పుట్టేవి కావు.

ఉగ్గాణి_బజ్జి
ఈ థ్రెడ్ చదివినాక రబ్బరులో గుచ్చిన సూది చూస్తే దెయ్యం కనపడినట్టుంది.

తుంగభద్ర_సిస్టర్
ఆంప్యూల్స్ ఇండెంట్ పెడితే స్టోర్స్ నుంచి "బాటిల్ ఉంది కదా" అని వస్తుంది. వాళ్లకు ఏం చూపించాలి?

చేతులు_కడుక్కో
లెక్క చూపించండి. ఈ నెల వార్డులో ఎన్ని లైన్లు ఎన్ని రోజులు ఉన్నాయో కలపండి. అది లైన్ రోజులు. ఇన్ఫెక్షన్ల సంఖ్యను దాంతో భాగించి 1000తో గుణించండి. 400 లైన్ రోజులకు 3 ఇన్ఫెక్షన్లు అంటే 7.5. ప్రతి నెలా అదే కాగితం సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టండి. మిషిగన్‌లో ప్రోనోవోస్ట్ బృందం 2006లో ప్రచురించిన ఫలితం గుర్తుందా? చేతులు కడగడం, నిండా కప్పుకుని లైన్ వేయడం, క్లోర్‌హెక్సిడిన్, తొడలో వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. ఈ ఐదింటితో ఐసీయూల మధ్యస్థ రేటు 2.7 నుంచి మూడు నెలల్లో సున్నాకు వచ్చింది. కొత్త మందు ఒక్కటీ లేదు.

మందుల_మద్దిలేటి
లాక్ అన్నారు హంద్రీ సార్, ఎట్లా కలపాలో చెప్పలేదు. చాలాచోట్ల కళ్లంచనా.

వాంకోమైసిన్ 500 మి.గ్రా వయల్‌లో 10 మి.లీ స్టెరైల్ వాటర్. మి.లీకి 50 మి.గ్రా అయింది. అందులో 1 మి.లీ తీసి 9 మి.లీ నార్మల్ సెలైన్‌లో. మి.లీకి 5 మి.గ్రా. ఇదే లాక్. మబ్బుగా కనిపిస్తే పారేయండి. ఎంత ఎక్కించాలంటే గొట్టం లోపల పట్టేంతే, అది పాకెట్ మీదో హబ్ మీదో ఉంటుంది. పిక్‌కు 1 మి.లీ లోపే ఉంటుంది, 5 మి.లీ తోస్తే మిగతాది రక్తంలోకి పోయినట్టే. ఒక్కోసారి 24 గంటలు, 48 దాటనివ్వొద్దు. తిరిగి వాడేముందు వెనక్కి లాగి పారేయాలి, లోపలికి ఫ్లష్ చేయకూడదు. "లాక్ ఉంది, తోయొద్దు" అని గొట్టానికి టేపు అంటించండి. రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లకు ఇంకెట్లా తెలుస్తుంది?

హెపారిన్ కలపడం గురించి: ప్లేట్‌లెట్లు 20 వేలున్న మనిషికి ఉత్త సెలైన్ లాక్ చాలు. మన దగ్గర దొరికే హెపారిన్ వయల్ ఎక్కువగా మి.లీకి 5000 యూనిట్లది. లాక్‌కు కావాల్సింది 10 లేదా 100. పలచన చేయకుండా వేసేవాళ్లు ఉన్నారు, తర్వాత ముక్కులోంచి రక్తం ఎందుకు ఆగట్లేదని అడుగుతారు. ఆల్కహాల్ లాక్ గురించి చదివినవాళ్లు ముందు గొట్టం దేంతో చేశారో చూసుకోండి. పాలీయురెథేన్ అయితే బలహీనపడి చీలే ప్రమాదం ఉంది.

డయాలసిస్_బాషా
మా గొట్టాల మీద లూమెన్ కొలత హబ్ పక్కనే అచ్చేసి ఉంటాది, పిక్‌లకు పాకెట్ పారేసినాక తెలీదు. వేసిన రోజే కేస్ షీట్‌లో రాసి పెట్టుకుంటే పోలా. ఇంకోటి, మా డయాలసిస్ లైన్ల చుట్టూ యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తాం. అది చూసి కీమో లైన్లకు కూడా రాస్తాండారు. మీవాళ్లకు వద్దు, దాని కింద ఫంగస్ పెరుగుతాది.

హెమటో_హంద్రీ
బాషా మాట నూటికి నూరు. ఫంగస్ అన్నారు కాబట్టి: కాండిడా వస్తే కళ్ల డాక్టరుకు చూపించాలి, రెటీనాలో మచ్చలు వస్తాయి. కౌంట్లు సున్నా దగ్గర ఉన్నప్పుడు చూస్తే ఏమీ కనిపించకపోవచ్చు, అక్కడా అదే చీము లెక్క. కౌంట్లు పెరిగాక మళ్లీ చూపించండి. మందు కాస్పోఫంజిన్ లాంటివాటితో మొదలు, సెన్సిటివిటీ (ఏ మందు పనిచేస్తుందన్న రిపోర్టు) వచ్చి మనిషి కుదుటపడ్డాక ఫ్లూకోనజోల్‌కు మారొచ్చు.

నంద్యాల_హోమ్‌నర్స్
ఇంటికి పోయాక జరిగేది నేను చెప్తా. మన ఎండలకు డ్రెస్సింగ్ ఏడు రోజులు నిలవదు. ట్రాన్స్‌పరెంట్ డ్రెస్సింగ్‌కు ఏడు రోజులు, గాజ్ (పట్టీ) గుడ్డకు రెండు రోజులు అనేది పై హద్దు. చెమటకు అంచు లేచిందంటే ఆ రోజే మార్చాలి. లేచిన అంచు మీద ఇంకో ప్లాస్టర్ అంటించడం ఇంటింటా చూస్తాం. అంచు కింద తడి ఉండిపోతుంది.

మార్చేటప్పుడు 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 70 శాతం ఆల్కహాల్ కలిసినదాంతో 30 సెకన్లు ముందుకూ వెనక్కూ రుద్దాలి. ఆరేదాకా ఆగాలి. ఫ్యాన్ కిందకు లాగొద్దు, నోటితో ఊదొద్దు. బిటాడిన్ అయితే రెండు నిమిషాలు, అదీ ఆరాలి. తడి మీద డ్రెస్సింగ్ వేస్తే చర్మం కాలినట్టు ఎర్రబడుతుంది, తర్వాత అది ఇన్ఫెక్షనా అలర్జీనా అని మళ్లీ గొడవ.

స్నానం: లైన్ చేతికి ప్లాస్టిక్ షీట్ చుట్టి, పైనా కిందా టేపు వేసి, చెయ్యి పైకి పెట్టుకుని చెంబుతో. బోరు నీళ్లు, డ్రమ్ములో నిలవ నీళ్లు లైన్‌కు తగలకూడదు. మంత్రాలయం పోయి తుంగభద్రలో మునిగొస్తామంటారు. దర్శనం చేసుకోండి, మునగొద్దు. పసుపు, విభూతి, కొబ్బరినూనె లైన్ చుట్టుపక్కలకు రానీయకండి. పెద్దవాళ్లు ప్రేమతో రాస్తారు, ముందే చెప్పి పెట్టాలి.

ఫ్లష్ 10 మి.లీ సిరంజితోనే, ఆపి ఆపి తోయాలి, చివరి అర మి.లీ తోస్తూనే క్లాంప్ వేయాలి. 2 మి.లీ సిరంజితో తోస్తే ఒత్తిడికి పిక్ పగులుతుంది. రక్తం వెనక్కి వచ్చి గొట్టంలో గడ్డకడితే క్రిమికి అంతకంటే మంచి చోటు లేదు. బయట ఉన్న గొట్టం పొడవు వారంవారం కొలవండి. బయటికి జారితే లోపలికి తోయకూడదు, అంటించి ఎక్స్‌రేకు పంపాలి.

జ్వరం అనిపిస్తే ముందు థర్మామీటర్, తర్వాత పారాసెటమాల్. డోలో వేసుకుని వచ్చేవాళ్ల వల్ల అర్ధరాత్రి 100.4 పొద్దునకు మాయమవుతుంది, పదింటికి బీపీ పడిపోయి వస్తారు.

కడప_పిల్లల_వార్డు
నర్స్ గారు చెప్పిన డోలో సంగతి డిశ్చార్జ్ షీట్‌లో మొదటి లైనుగా రాయాలి.

గుంతకల్_జంక్షన్
పోర్టు ఉన్నవాళ్లు కీమో అయిపోయాక నెలల తరబడి రారు. వాళ్లకు?

నంద్యాల_హోమ్‌నర్స్
వాడకపోతే పోర్టుకు నెలకోసారి ఫ్లష్, కొన్ని సెంటర్లు మూడు నెలల దాకా సాగదీస్తాయి. వాడుతుంటే హ్యూబర్ సూది (పోర్టుకని ఉండే సూది) ఏడు రోజులకోసారి మార్చాలి. మామూలు సూది గుచ్చితే సిలికోన్ చిల్లులు పడుతుంది. హిక్‌మాన్‌కు వారానికోసారి.

చేతులు_కడుక్కో
కీమో అయిపోయి, ఇంకెందుకూ పనికిరాని పిక్ చేతికి వేలాడుతుంటే నెలనెలా ఫ్లష్ కాదు, తీసేయండి. సెట్లు కూడా: మామూలు ఐవీ సెట్ 96 గంటల లోపు రోజూ మార్చక్కర్లేదు, ఏడు రోజులు దాటనివ్వొద్దు. రక్తం గానీ లిపిడ్ గానీ ఎక్కించిన సెట్ 24 గంటల్లో పారేయాలి. రక్తం ఎక్కించిన సెట్‌కే మళ్లీ సెలైన్ తగిలించి రెండు రోజులు నడపడం ఆపండయ్యా.

తుంగభద్ర_సిస్టర్
తీయాలని తేలాక, తీసేటప్పుడు? ప్లేట్‌లెట్లు తక్కువ, మనిషి నీరసం.

ఐసీయూ_ఓబులేసు
వెల్లకిలా, మెడ లైన్ అయితే తల కొంచెం కిందికి. గాలి బయటికి వదులుతున్నప్పుడు లాగాలి, లోపలికి పీల్చేటప్పుడు కాదు. పీలిస్తే గాలి నరంలోకి పోతుంది. లాగాక ఐదు నిమిషాలు గట్టిగా నొక్కండి, ప్లేట్‌లెట్లు తక్కువైతే ఇంకా ఎక్కువ. గాలి చొరబడని డ్రెస్సింగ్ 24 గంటలు, అరగంట పడుకోబెట్టాలి. బయటికొచ్చిన గొట్టం పొడవు కొలిచి వేసినప్పటి పొడవుతో సరిచూసుకోండి. అడ్డం పడితే బలవంతంగా లాగొద్దు. కొత్త లైన్‌కు తొందరొద్దు. కల్చర్ నెగటివ్ వచ్చి 48 నుంచి 72 గంటలు చేతి క్యానులాతో నెట్టుకురండి. అదే దారిలో వైరు పెట్టి మార్చేశామంటే పాత బయోఫిల్మ్‌నే కొత్త గొట్టానికి అంటించినట్టు.

క్యాజువాల్టీ_కాకా
స్టెఫ్ ఆరియస్‌కు ఎకో (గుండె స్కాన్) ఎప్పుడు చేయించాల? అడ్మిట్ అయిన రోజే చేసి "వెజిటేషన్ (కవాటం మీద క్రిముల గడ్డ) లేదు" అని పంపిస్తాండారు.

హెమటో_హంద్రీ
మొదటి రోజు ఎకోలో కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు, ఆ గడ్డ కట్టడానికి టైము పడుతుంది. గొంతులోంచి చేసేది మంచిది, క్రిమి మొదట దొరికిన వారం తర్వాత. అప్పటికి ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో చూసుకుని, నోటిలో పుండ్లు మానాకే గొట్టం దించమనండి. ఈలోపు కల్చర్ 72 గంటల తర్వాత కూడా పాజిటివ్ ఉంటే, ఎకో శుభ్రంగా వచ్చినా నాలుగు వారాల లెక్కలోనే పెట్టుకోండి.